కొరత మనసు, సమృద్ధి మనసు: ఈ క్లాసులకు డబ్బు కట్టొచ్చా? తిరుపతి, చిత్తూరోళ్ళు చెప్పండి

గాంధీరోడ్డు_పటాలు (సోమవారం, రాత్రి 10:20)

అందరికీ నమస్తే. గోవిందరాజస్వామి గుడి దగ్గర్లో మాకు దేవుడి పటాల షాపు ఉంది. మా నాయన పెట్టింది, ఇప్పుడు నేనే చూసుకుంటా ఉండా. పోయిన దసరాకి మా పక్కనే ఇంకో పటాల షాపు పడింది. అప్పట్నుంచి గల్లా దగ్గర కూర్చోని ఆ షాపు మెట్లు ఎవురెక్కుతా ఉండారా అని చూడటమే నా పనైపోయింది. మన షాపులో బేరం జరుగుతా ఉన్నా కన్ను అటే పోతాది. మొన్న ఒకామె రెండుసార్లు రేటు అడిగిందంట, నాకు వినపడనే లేదు. పనిచేసే పిల్లోడు భుజం తట్టి చెప్పినాడు.

ఈ మధ్య బైపాస్ పక్కన ఒక ఓటల్లో ఫ్రీ సెమినార్ అంటే పోయినా. ‘నీకు గిరాకీ తగ్గింది పక్కోడి వల్ల కాదు, నీ లోపలే కొరత ఉంది, సమృద్ధిగా ఆలోచిస్తే విశ్వమే తెచ్చిస్తుంది’ అన్నాడు సెమినార్ చెప్పినాయన. అద్దం ముందు నిలబడి రోజూ ‘నేను ధనవంతుణ్ణి’ అని చెప్పుకోమన్నాడు. మిగతాది మూడు రోజుల క్లాసంట, 6 వేలు. మా ఇంట్లోవాళ్ళు ‘పోతే పోండి, రాత్రయితే ఆ మొగం చూళ్ళేకుండా ఉండాం’ అంటా ఉండారు.

నిజంగా మనసు మారితే వ్యాపారం మారతాదా? పోయొచ్చినోళ్ళు ఎవరన్నా ఉంటే చెప్పండి.

లీలామహల్_టీ (రాత్రి 10:41)

ఆ ఆరువేలు పెట్టి గాజు, బీడింగు తెచ్చుకో అనా. ఫ్రీ సెమినార్‌లో సమృద్ధి ఎవరికొచ్చిందో చూసినావు కదా, మైకు పట్టుకున్నోడికి.

రేణిగుంట_ఎక్స్‌ప్రెస్ (రాత్రి 11:05)

ఊరికే ఎగతాళి చేయకండి. నేను అట్లాంటి క్లాసుకే పోయొచ్చినా, వేరేవాళ్ళది. ఇన్సూరెన్స్ ఏజెంటుని. ముందు ఒక పార్టీ ‘వద్దు’ అంటే ఆ రోజంతా ఇంక ఫోను ఎత్తే వాణ్ణి కాదు. నాకు తెలిసిన ఇంకో ఏజెంటు పాలసీ కట్టించినాడని వింటే నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు ‘వీళ్ళు కాకపోతే ఇంకొకరు, ఊళ్ళో మనుషులకేం కొదవ’ అనుకుని మళ్ళీ నంబరు నొక్కుతా. దాంతో వచ్చే కేసులూ పెరిగినాయి. విశ్వం ఇచ్చిందో, నేనే ఎక్కువ ఫోన్లు చేసినానో, అది నాకనవసరం. పని జరిగిందా లేదా?

పుత్తూరు_కట్టు (రాత్రి 11:12)

అద్దం ముందు నిలబడి ‘నేను ధనవంతుణ్ణి’ అంటే అద్దం అమ్మినోడు ధనవంతుడవుతాడు. పటాలాయన షాపులో అద్దాలకి తక్కువా? సొంత స్టాకులోనే క్లాసు పెట్టుకోవచ్చు.

కపిలతీర్థం_మేడం (మంగళవారం, ఉదయం 6:30)

కాలేజీలో సైకాలజీ చెప్పి రిటైరయ్యాను కాబట్టి నాలుగు మాటలు. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ఈ ‘సమృద్ధి’, ‘కొరత’ అనే జంటను జనంలోకి తెచ్చినవాడు స్టీఫెన్ కోవీ అనే అమెరికా రచయిత, 1989లో. ఆయన చెప్పింది చాలా మామూలు విషయం: పక్కవాడి మెప్పులో, లాభంలో నా వాటా తరిగిపోదు అని నమ్మగలిగినవాడే నలుగురితో కలిసి పనిచేయగలడు. విశ్వం పార్సిల్ పంపిస్తుందన్న గొలుసు వేరేవాళ్ళు తగిలించింది.

ఇక అద్దం సంగతి. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో జోఆన్ వుడ్ బృందం దీన్ని పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించింది. ‘నేను ప్రేమించదగిన మనిషిని’ అని పదేపదే అనుకోమంటే, తమమీద తమకు ముందే నమ్మకం ఉన్నవాళ్ళకు రవంత హాయిగా అనిపించింది. ఆ నమ్మకం లేనివాళ్ళకు మాత్రం ఏమీ అనుకోని వాళ్ళకంటే దిగులు ఎక్కువైంది. నోరు ఒకటి చెబుతుంటే లోపల నుంచి ‘ఏం కాదు’ అని జవాబు వస్తూంటుంది. అవసరమున్న మనిషికే పనిచేయని మందు ఇది.

గాబ్రియేల్ ఓటింగెన్ అనే ఆవిడ జర్మనీలో చదువు ముగించి ఉద్యోగాలు వెతుక్కుంటున్న వాళ్ళను గమనించి 2002లో ఫలితాలు ప్రచురించింది. మంచి ఉద్యోగం వచ్చినట్టు ఎక్కువ ఊహించుకున్నవాళ్ళు రెండేళ్ళ తర్వాత చూస్తే తక్కువ దరఖాస్తులు పెట్టారు, వాళ్ళకు తక్కువ ఆఫర్లు వచ్చాయి, జీతాలూ తక్కువే. కానీ ఇందులో ఇంకో సగం ఉంది, క్లాసులవాళ్ళూ వెక్కిరించేవాళ్ళూ ఇద్దరూ దాన్ని వదిలేస్తారు: ‘నాకు ఉద్యోగం దొరికే అవకాశం బాగానే ఉంది’ అని అంచనా ఉన్నవాళ్ళు నిజంగానే మెరుగ్గా ఉన్నారు. ఊహల్లో తేలడం వేరు, గత అనుభవం చూసుకుని ధైర్యంగా ఉండటం వేరు. రేణిగుంట బాబు చేసింది రెండోది. అందుకే మళ్ళీ నంబరు నొక్కాడు.

పటాల బాబూ, నీది మాత్రం వేరే కథ అనిపిస్తోంది. సాయంత్రం రాస్తాను, పూజకు వేళయింది.

బెంగళూరా_తోట (ఉదయం 7:15)

బంగారుపాళ్యం దగ్గర మామిడి తోట మాది. ‘సమృద్ధి’ అనే మాట ఇంట్లో ఎత్తొద్దని చెప్పినా.

2025 సీజన్ గుర్తుందా? తోతాపురి ఏ చెట్టు చూసినా ఇరగ్గాసింది. నిండా సమృద్ధి. రేటు పడిపాయె. కిలోకి 12 రూపాయలు అని ప్రభుత్వం చెప్పింది, అందులో 8 గుజ్జు ఫ్యాక్టరీ ఇయ్యాల, 4 ప్రభుత్వం ఏస్తాది అని. నేను పోసిన చోట ఆ 8 కూడా సక్రమంగా రాలా. ట్రాక్టరు లోడేసుకోని గేటు బయట లైన్లో ఉంటే కాయ అక్కడికక్కడే మాగిపోతా ఉండాది, వాసన చూసి ఈగలు. నేను పాజిటివ్‌గానే ఉన్నా. కాయ మాగకుండా ఉంటాదా?

కాయ తక్కువ కాసిన ఏడు రేటుంటాది, ఎక్కువ కాసిన ఏడు మేము మునిగిపోతాం. మాకు చెప్పాల్సింది మనసు గురించి కాదు, లోడు దించే టోకెన్ల గురించి, నిలవ చేసే జాగా గురించి.

రేణిగుంట_ఎక్స్‌ప్రెస్ (ఉదయం 8:02)

అన్నా, మీ బాధ నిజమే. కానీ ఆ ఏడు తోట కొట్టేసినోళ్ళు ఉండారు, మధ్యలో వేరే రకం అంటు కట్టినోళ్ళూ ఉండారు. ఇద్దరికీ పడింది అదే రేటు. తేడా యాడుందో మీరే చెప్పండి.

బెంగళూరా_తోట (ఉదయం 8:30)

చేతిలో డబ్బు ఉన్నోడు అంటు కట్టినాడు, అప్పు ఉన్నోడు చెట్టు కొట్టి కట్టెలకి అమ్మినాడు. అదే తేడా.

నిర్వాహకులు (ఉదయం 9:10)

ఈ చర్చలో ఒక సభ్యుడు ‘డబ్బును ఆకర్షించే 21 రోజుల కోర్సు’ ప్రకటన, ఫోన్ నంబరుతో సహా మూడుసార్లు పెట్టారు. తీసేశాం. చర్చ కొనసాగించండి.

కపిలతీర్థం_మేడం (సాయంత్రం 5:45)

తోట అన్నయ్య ఉదయం రాసిన ఆఖరి ముక్క దగ్గరే మొదలుపెడతాను, నేను చెప్పాలనుకున్నదీ అదే.

2013లో ‘సైన్స్’ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. ఆనంది మణి, సెంథిల్ ముల్లైనాథన్, ఎల్డర్ షఫీర్, జియాయింగ్ ఝావో చేశారు. చేసింది ఎక్కడో కాదు, మన పక్కనే, తమిళనాడులో విల్లుపురం, తిరువణ్ణామలై వైపు. 54 ఊళ్ళలో 464 మంది చెరకు రైతులు. చెరకు డబ్బు ఏడాదికి ఒకసారి వస్తుంది కదా, కోతకు ముందు చెయ్యి బిగుసుకుని ఉంటుంది, కోత తర్వాత కాస్త వదులవుతుంది. అదే మనిషికి ముందొకసారి, తర్వాతొకసారి బుద్ధి పరీక్షలు పెట్టారు. బొమ్మల వరసలో తర్వాత ఏది రావాలో చెప్పడం లాంటివి. కోతకు ముందు అదే మనిషి తక్కువ మార్కులు తెచ్చుకున్నాడు. మిల్లు ఒక్కొక్కరికి ఒక్కో తేదీ ఇస్తుంది కాబట్టి ఇది ఎండ వల్లనో పండగ వల్లనో వచ్చిన తేడా కాదని కూడా చూసుకున్నారు.

అంటే కొరత మనిషి బుద్ధిని నిజంగానే పట్టేసుకుంటుంది. సెమినార్‌లో చెప్పినవాడు అంతవరకు సగం నిజమే చెప్పాడు. తిరగేసి చెప్పాడు, అంతే. మనసులో కొరత ఉండి జేబు ఖాళీ అవలేదు, జేబు బిగుసుకుని మనసు ఇరుకైంది. పటాల బాబుకు కస్టమర్ మాట వినపడకపోవడం ఆ ఇరుకే.

పూతలపట్టు_గానుగ (రాత్రి 8:20)

మేడమ్ గారూ, మీరు రాసింది మా ఆడోళ్ళకి చదివి వినిపించినా. ‘ఇది చెప్పడానికి అంత దూరం నించి రావాల్నా, నన్నడిగితే చెప్పుంటా గదా’ అనింది.

చెరకు, గానుగ మాది. బెల్లం వండుతాం. వంట మొదలయ్యే ముందు రెండు నెలలు నేను మనిషినే కాదు. రాత్రి పండుకుంటే కూలీల డబ్బు, డీజలు, సొసైటీ వడ్డీ, మళ్ళీ కూలీల డబ్బు, ఇదే తిరుగుతా ఉంటాది. ఒకసారి మా పిల్లోడు ప్రోగ్రెస్ కార్డు తెచ్చిస్తే సంతకం పెట్టిచ్చినా. ‘నాయనా, చూసినావా?’ అన్నాడు. లెక్కల్లో క్లాసు ఫస్టంట. నేను చూసింది సంతకం పెట్టే గీత ఒక్కటే.

ఆ నెలల్లోనే మండీలో అడ్వాన్సు తీసుకునేది. తీసుకుంటే బెల్లం ఆయనకే పోయాల, ఆయన చెప్పిన రేటుకే. నాకది తెలీదా? బాగా తెలుసు. కానీ ఆ పూటకి చేతిలో డబ్బు పడితే చాలనిపిస్తాది. డబ్బులొచ్చినాక తిరిగి చూస్తే, ఆ మాట ఒప్పుకున్నోడు నేనేనా అనిపిస్తాది.

కాబట్టి పటాల తమ్ముడూ, నీ బుర్ర చెడిపోలేదు. బయపడొద్దు.

చంద్రగిరి_సంఘం (రాత్రి 9:05)

గానుగ అన్నా, అందుకే మా డ్వాక్రా సంఘంలో కొందరం ఒక పని చేస్తా ఉండాం. నెల నెలా పొదుపు కట్టేదే కాకుండా, అందరం తలా రవంత ఏసి, ఒక చిన్న మొత్తం ఎవరూ ముట్టకుండా పక్కన పెడతాం. జరం వస్తే, స్కూలు ఫీజు అడ్డం పడితే, మోటరు కాలితే, ఆ రోజే ఇస్తాం, ఎందుకు ఏమిటి అని అడగం. నిజానికి ఏడాదిలో దాన్ని వాడుకునేది ఒకరిద్దరే. కానీ అది అక్కడ ఉందని తెలిస్తేనే మిగతా అందరికీ నిద్ర పడతాది. మా సంఘంలో ఒకామె వారం వడ్డీ మనిషి వస్తే తలుపేసుకునేది. ఇప్పుడు ఆ మనిషి ఈ వీధికే రాడు.

నాకు తెలిసిన సమృద్ధి ఇదే. ఆరువేలుండి ఎవరికన్నా ఇయ్యాలనిపిస్తే ఇట్లా దాంట్లో ఎయ్యండి.

పుత్తూరు_కట్టు (రాత్రి 9:20)

అందరూ మంచోళ్ళే ఉండారే ఈడ. నాకో అనుమానం. ఎప్పుడూ పాజిటివ్‌గా ఉండమంటే, తిరుపతోళ్ళు గంగమ్మ జాతర ఏం చేసుకోవాల? మే నెల వచ్చిందంటే వేషం కట్టి, ఎదురొచ్చినోణ్ణి నోటికొచ్చిన బూతులు తిట్టడానికి అమ్మవారే పర్మిషన్ ఇచ్చిన ఊరు మీది. పక్క షాపోణ్ణి ఆ వారంలో కడుపారా తిట్టేయి అనా, ఏడాదికి సరిపోతాది. ఆయన కూడా నిన్ను తిడతాడు. లెక్క సరి.

పద్మావతి_హాస్టల్ (రాత్రి 10:15)

అందరికీ నమస్కారం. డీఎస్సీకి చదువుతున్నాను. 2025 మెగా డీఎస్సీలో కొద్దిలో పోయింది. నాకు ఈ సమృద్ధి మాటలు వింటే కోపం వస్తుంది. ఆ నోటిఫికేషన్‌లో పోస్టులు 16,347. రాసినవాళ్ళు మూడు లక్షల పైన. ఇక్కడ పక్కవాళ్ళకు వచ్చిందంటే నాకు రానట్టే కదా? ‘అందరికీ సరిపడా ఉంది’ అని ఎట్లా అనుకోమంటారు? నా రూమ్మేట్ నోట్సు అడిగితే ఇవ్వాలా వద్దా అని రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. అడిగినప్పుడల్లా ‘ఇంకా పూర్తి కాలేదు’ అంటున్నాను.

కపిలతీర్థం_మేడం (బుధవారం, ఉదయం 6:10)

అమ్మాయ్, నీ కోపం సబబే. పోస్టులు లెక్కకే ఉన్నాయి, లేవని నటించడం సమృద్ధి కాదు. కానీ ఈ వ్యవహారంలో రెండు రకాల సరుకులు ఉన్నాయి. పోస్టు ఒకరు తీసుకుంటే ఇంకొకరికి ఉండదు. నోట్సు ఇస్తే నీ దగ్గర తరగదు. కొరత పట్టుకున్నప్పుడు మనసు ఈ రెంటికీ తేడా చూడదు, అన్నిటినీ మొదటి రకం కిందే కట్టేస్తుంది. నువ్వు పోటీపడేది మూడు లక్షల మందితో. అందులో నీ రూమ్మేట్ ఒక్కతి. ఆమె దగ్గర దాచిపెడితే మిగతా వాళ్ళ దగ్గర నీకు కలిసొచ్చేది ఏమీ లేదు.

పైగా నోట్సు ఇచ్చి ఊరుకోకు, కూర్చోబెట్టి చెప్పు. ఎదుటివాళ్ళకు చెప్పాలనుకుని చదివింది మనకే బాగా నిలుస్తుంది. ఎక్కడ తడుముకుంటావో అక్కడే నీకు రాదని అప్పటికప్పుడు తెలిసిపోతుంది. పెడగాజీలో పియాజే దశలు, అదే పిల్లల ఆలోచన ఎదిగే మెట్లు, చెప్పి చూడు, రెండోదీ మూడోదీ ఎవరికైనా కలిసిపోతాయి.

రేణిగుంట_ఎక్స్‌ప్రెస్ (ఉదయం 9:40)

మేడమ్, మరి ‘గ్రోత్ మైండ్‌సెట్’ అని కెరోల్ డ్వెక్ చెప్పిందాని సంగతేంది? అది కూడా ఉత్తదేనా? మా క్లాసులో సగం అదే.

కపిలతీర్థం_మేడం (మధ్యాహ్నం 2:20)

ఉత్తది కాదు. తెలివి పుట్టుకతో గీసిన గీత కాదు, సాధనతో పెరుగుతుంది అని నమ్మడం, అంతే అది. అమెరికాలో సుమారు 12 వేల మంది తొమ్మిదో తరగతి పిల్లల మీద చేసిన పెద్ద పరీక్ష ఫలితాలు 2019లో వచ్చాయి. గంట లోపు ఆన్‌లైన్ పాఠం. వెనకబడిన పిల్లల గ్రేడు సగటున 0.1 పాయింటు పెరిగింది, నాలుగు పాయింట్ల కొలతలో. చిన్నదే, కానీ ఖర్చు దాదాపు లేకుండా వచ్చింది. తోటి పిల్లల తీరు అందుకు తగ్గట్టు ఉన్న బళ్ళలో ఫలితం నిలబడింది, లేనిచోట అంతగా లేదు. గంట లోపు పాఠానికి వచ్చేది అంత. దానికి 6 వేలు పెట్టి జీవితం మారిపోతుందంటే నేను ఒప్పుకోను.

పటాల బాబూ, నీకు ఓటింగెన్ పద్ధతే చెబుతాను, డబ్బు అక్కర్లేదు. ఏం కావాలో అనుకో. అది జరిగితే ఎట్లా ఉంటుందో ఒక్క నిమిషం చూసుకో. వెంటనే, అడ్డం పడేది నీలో ఏముందో అది చూడు. నీ విషయంలో అది పక్క షాపు కాదు, అటు పోయే కన్ను. ఆ అడ్డం వచ్చినప్పుడు ఏం చేస్తావో ముందే ఖాయం చేసుకో: ‘కన్ను అటు పోతే లేచి కస్టమర్ పక్కన నిలబడతాను’ అని. ఇంకా తేలిక పని, గల్లా బల్ల తిప్పి వేయించు. ఆ మెట్లు కనపడకపోతే సగం బాధ తగ్గుతుంది.

లీలామహల్_టీ (సాయంత్రం 4:00)

మేడమ్ చెప్పింది బాగుంది. నేనింకొకటి చెప్తా. నా బండి పక్కన ఇంకో టీ బండి పడినప్పుడు నేనూ ఇట్లే ఉంటి. కానీ రెండు బండ్లు ఉంటే ఆడ జనం నిలబడతారు. బస్సు దిగినోడు ‘ఆడ టీ దొరుకుతాది’ అని దూరం నించే వస్తాడు. మదనపల్లి టమాటా మార్కెట్‌కి లారీలు ఎందుకొస్తాయి? టమాటా అమ్మేటోళ్ళు అందరూ ఒకచోటే ఉంటారని. శ్రీకాళహస్తిలో కలంకారీ కావాలంటే ఒక్క షాపు కోసమా పోయేది? పాలు అయిపోతే నేనాయన కాడ తెచ్చుకుంటా, గ్లాసులు తక్కువైతే ఆయన నా కాడికి వస్తాడు.

ఒక మాట మాత్రం నిజం చెప్పాల. పండగ రోజుల్లో ఇద్దరికీ సరిపోతాది, వాన పడిన రోజు సరిపోదు. ఆ రోజు ఇప్పటికీ ఆయన బండి కాడ ఎంతమంది ఉండారో లెక్క పెడతా.

గాంధీరోడ్డు_పటాలు (తర్వాతి సోమవారం, రాత్రి 10:50)

అందరికీ దండాలు. క్లాసుకు పోలేదు. బల్ల తిప్పినా. మొదటి రోజు మెడ నొప్పి పుట్టింది తిరిగి తిరిగి చూసి. రెండో రోజు నించి రవంత తగ్గింది.

కూర్చునే దిక్కు మారేసరికి ఇంకొకటి కనపడింది. మన షాపులోకి వచ్చేటోళ్ళల్లో చానా మంది పటం కొనేదానికి కాదు, ఇంట్లో పాత ఫోటోలు తెచ్చి ‘దీనికి ఫ్రేము కడతారా’ అని అడిగేదానికి వస్తా ఉండారు. వాళ్ళమ్మా నాయనలవి, చెదలు పట్టినవి. ఇన్నాళ్ళూ ‘టైం పడతాది’ అని పంపించేస్తా ఉంటిమి. కోసే మిషను లోపల మూల పడుండాది, నాయన కాలంది. బయటికి తీసి నూనె ఏసినాం. పక్కాయన కాడ అన్నీ రెడీమేడే, మిషను లేదు.

నిన్న నేనే పోయి మాట్లాడినా. మనిషి బాగానే ఉండాడు. ఆయనా నా మెట్లు లెక్క పెడతా ఉండాడంట! గాజు ఇద్దరం వేరువేరుగా చెన్నై నించి తెప్పించుకుంటా ఉండాం, బాడుగ ఎక్కువైతా ఉండాది. ఒకే లోడు తెప్పించుకుందామా అన్నాడు. ఏమంటారు? గిరాకీ పెరిగిందా అంటే ఇంకా చెప్పలేను, శని ఆదివారాలు చూడాల.

రేణిగుంట_ఎక్స్‌ప్రెస్ (రాత్రి 11:02)

చూసినారా, ఆలోచన మారింది, దారి కనపడింది. నేను మొదట్నుంచీ చెప్తా ఉండేది ఇదే.

లీలామహల్_టీ (రాత్రి 11:06)

మారింది బల్ల కదప్పా.

బెంగళూరా_తోట (రాత్రి 11:15)

లోడు కలిపి తెప్పించుకోండి, మంచిదే. మా తోటలోళ్ళం ఐదుగురం కలిసి లారీ మాట్లాడుకుంటే బాడుగ నిజంగానే తగ్గింది. దార్లో గాజు పగిలితే ఎవరిదో ముందే అనుకోండి, లారీ దిగినాక కాదు.

పద్మావతి_హాస్టల్ (రాత్రి 11:30)

నోట్సు ఇచ్చాను. పియాజే దగ్గర ఇద్దరం కొట్టుకున్నాం. నాదే తప్పని తేలింది 😀 ఆమె దగ్గర తెలుగు మెథడ్స్ నోట్సు నాకంటే బాగుంది.

పుత్తూరు_కట్టు (రాత్రి 11:34)

పటాలన్నా, లోడు లెక్క పుస్తకంలో రాసి ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి. నోటి మాట మీద పోయి గొడవపడితే కట్టు కట్టించుకోను ఇద్దరూ మా ఊరికే రావాల. వస్తే చెప్పండి, బస్టాండు కాడ నేనుంటా.